ఉత్తరపు మూల

మనిషిని చదవడం నాకు
చెంచురామయ్య నేర్పాడు, మైపాడు రోడ్డులో,
ఐసు లారీ కోసం కాచుకున్న రాత్రుల్లో.
"మొహం చూడబాక. మొహం అందరికీ ఉంటది.
యజమాని గట్టెక్కితే కావలి పిల్లోడు
ఊరికే లేస్తాడా, ఉలిక్కిపడి లేస్తాడా,
అది చూడు."
రేటు తెగకముందే బోండాం కొట్టించేవాడికి
మేత షాపులో పాత బాకీ ఉంటుందనీ,
మూడుసార్లు 'అన్నా' అన్నవాడు
నాలుగోసారి అడ్వాన్సు అడుగుతాడనీ,
పెంచలకోన సామి మీద ఒట్టేసినవాడి గుంటలో
వల రెండుసార్లు విసరాలనీ చెప్పి,
బీడీ ముట్టించి,
"ఇయ్యన్నీ నా మీద కూడా పనిచేస్తయ్, చూసుకో" అని నవ్వేవాడు.

ఇరవై రెండేళ్లు చూసుకున్నాను.
విడవలూరు నుంచి గంగపట్నం దాకా
ఏ గట్టు మీద ఏ మాట ఎంత తూగుతుందో
కాటా లేకుండా చెప్పగలను.
నలభై కౌంటని ప్రమాణం చేసిన సరుకు
యాభై రెండుకి తేలితే నాకు కోపం రాదు.
లోపల ఏదో లెక్క సరిపోయినట్టుంటుంది.

తూపిలి మస్తానయ్య గుంటకి పోయింది
కార్తీకంలో, తెల్లారగట్ల మూడింటికి.
ఏరేటర్లు ఆపిస్తే
ఒక్కసారిగా మా ఊపిరి మాకే వినపడింది.
నేను దక్షిణం వైపు వల సర్దుకుంటుంటే
"అయ్యా, ఉత్తరపు మూల కూడా ఒకటెయ్యండి.
నాలుగు రోజులుగా ఆడ మేత మిగులుతుండాది.
పెంకు మెత్తబడిందేమోనని నా అనుమానం" అన్నాడు.

టార్చి పట్టుకున్న ఆయన భార్య
వెలుతురు పక్కకి తిప్పి
"చెప్పబాకంటే ఇన్నావా" అంది, మెల్లగా.

వెన్నులో చల్లగా తగిలింది నాకు.
చిన్న చిల్లు చూపించేవాడు
పెద్ద చిల్లు మీద కూర్చుని ఉంటాడు.
ఇది చెంచురామయ్య చెప్పింది కాదు,
నేనే సొంతంగా కనిపెట్టుకున్నది.
వల వేశాను. నలభైలో మూడు మెత్తవి.
మూడే! అందుకే ఇంకా అనుమానం.
ఆయన కాళ్లు చూశాను, బురద.
చేతులు చూశాను, ఊరికే వేలాడుతున్నాయి.
కావలి పిల్లోడు నిద్రపోతున్నాడు,
కప్పుకున్న దుప్పటి మస్తానయ్యది.
ఒక్క గుర్తూ నా పుస్తకంలో లేదు.
కిలోకి పదిహేను కోశాను.
అరుస్తాడనుకున్నాను. అరిస్తే ఐదు పెంచేవాణ్ణే.
"సరేనయ్యా" అన్నాడు.
ఆ సరేకి భయమేసి
ఇంటికొచ్చేదాకా ఫోన్ ఎత్తలేదు.

రెండున్నర టన్నులు.
ప్లాంటులో ఒక్క క్రేటూ పక్కన పెట్టలేదు.
"ఈ సీజన్లో ఇంత శుభ్రమైన సరుకు రాలా"
అంటూ సూపర్‌వైజరు సంతకం పెట్టాడు.
ముప్పై ఏడువేల ఐదొందలు.
తిరిగిచ్చేద్దామని రెండుసార్లు
వాళ్ల ఊరి మలుపు దాకా పోయాను.
అబద్ధం. ఒక్కసారే పోయాను, అదీ వేరే పనిమీద.
అప్పటికే నా బొలెరోకి
నాలుగు టైర్లూ కొత్తవి.

చైత్రంలో ఆయనే ఫోన్ చేశాడు, పట్టుబడి ఉందని.
అదే గట్టు. టార్చి ఈసారి ఆయన చేతిలోనే.
ఆమె రాలేదు.
నీళ్లు నాలుగు మూలలా ఒకే నలుపు.
వల భుజాన వేసుకుని,
అడగకుండా ఉండాల్సింది, అడిగాను:
"ఉత్తరపు మూల ఎట్టుండాది మస్తానయ్యా?"

టార్చి నా మొహం మీద ఒక క్షణం నిలిచింది.
"అన్నా" అన్నాడు.
ఎప్పుడూ అననివాడు అన్నాడు.
"సరుకు బంగారమన్నా. యాడన్నా వేసుకో."
వెనక్కి తిరిగి,
బోండాం కొట్టుకురమ్మని
కావలి పిల్లోణ్ణి పిలిచాడు.

పిల్లోడు ఉలిక్కిపడి లేచాడు.